శుక్రవారం పెట్టిన మీటింగు

మీటింగు ఆదివారం పెడుతున్నామని మున్సిపాలిటీ నుంచి ఫోన్ వచ్చినప్పుడే నాకు ఒళ్ళు మండింది. ఆదివారం పెడితే మా గల్లీలో ఎవరొస్తారు? నేనూ, నాలుగు కుక్కలూ. "సెలవు రోజు కదమ్మా, మగవాళ్ళంతా ఇంట్లో ఉంటారు" అన్నాడు ఆ సారు. కోరుట్లకు కొత్త, పాపం. "మా మొగోళ్ళకు ఆదివారం డ్యూటీ ఉంటది సారూ. శుక్రవారం పెట్టుండ్రి, వాళ్ళకు శుక్రవారమే సెలవు" అన్నాను. "అదేం కంపెనీ అమ్మా?" అన్నాడు. ఏ కంపెనీ అని చెప్పను? ఒకడు ఖతర్‌లో, ఒకడు మస్కట్‌లో, ఒకడు సౌదీ ఎడారిలో గొర్రెల వెంట. ఆ గొర్రెలవాడికైతే ఏ వారమూ సెలవు లేదు, అది వేరే మాట. "గల్ఫ్ సారూ" అన్నాను. ఇంకేం అడగకుండా శుక్రవారానికే ఒప్పుకున్నాడు.

నా పేరు కళావతి. మా వార్డుకు ఆర్పీని. అంటే మున్సిపాలిటీకీ ఆడవాళ్ళ సంఘాలకూ మధ్య తిరుగుతూ రెండువైపులా తిట్లు తినే మనిషిని. మిగిలిన వేళ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతాను. నా నోరు మంచిది కాదని గల్లీ అంతా అంటుంది. నోరు మంచిదైతే ఈ పని ఒక్కపూట చేయగలనా? వాళ్ళే చెప్పాలి.

మా గల్లీ మెయిన్ రోడ్డు దగ్గర మొదలై బడి దాకా పోతుంది. బడి దాటితే బైపాస్. అందుకని ఊళ్ళో ఉన్న ప్రతి ఇసుక ట్రాక్టరూ, ప్రతి ఆటో, పనీపాటా లేని ప్రతి పోరడి బైకూ ఇందులోంచే దూరిపోవాలి. ఒక పక్క మురుగు పారే మోరీ. ఇంకో పక్క గద్దెలు, మెట్లు, ఎవరికి తోచినట్టు వాళ్ళు ముందుకు జరుపుకున్న గోడలు. బండ్లు పోగా మిగిలిన జాగాలో మనుషులు పోవాలి. బీడీల గంప నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు, బడి పిల్లలు, ముసలివాళ్ళు, అందరం గోడలకు అతుక్కుని నడుస్తాం. ఈ వీధిని నడిచేవాళ్ళ కోసం మళ్ళీ కడతారట, హైదరాబాద్ నుంచి స్రవంతి అని ఒక మేడం వస్తుందట, వీధి ఎట్లా ఉండాలో వీధిలోవాళ్ళనే అడుగుతుందట అంటే మొదట నేను నమ్మలేదు. మమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా ఏమైనా అడిగిన పాపాన పోయారా? కానీ ఆ సాయంత్రం అక్షితను చూశాక, నమ్మి తీరాలని అనిపించింది.

అక్షిత మా ఎదురింటి శాంత బిడ్డ. పదేళ్ళది. ఏడాదిన్నర కింద బడికి పోతుంటే ఒక ట్రాక్టర్ వెనక్కి వచ్చింది. తప్పుకుందామంటే వెనక గోడ. చక్రం ఎడమ కాలి మీదికి ఎక్కింది. జగిత్యాల తీసుకుపోతే కరీంనగర్ పొమ్మన్నారు, కరీంనగర్‌లో రాడ్లు వేశారు. ఆ ఖర్చు ఎట్లా వెళ్ళిందో, శాంత మెడ ఎందుకు బోసిపోయిందో నాకు తెలుసు. అది ఇక్కడ అనవసరం. కాలు దక్కింది కానీ దాంట్లో బలం లేదు. ఇంకో ఆపరేషన్ చేయించాలన్నారు, దానికి పైసలేవి? పిల్ల వాకర్ పట్టుకుని నడుస్తుంది. టక్కుమని వాకర్ ముందుకు వేసి, ఒక అడుగు, మళ్ళీ టక్కుమని వాకర్.

మనం గోడకు అతుక్కుంటాం, వాకర్ అతుక్కోదు కదా. అందుకని శాంత పొద్దునా సాయంత్రం బిడ్డను చంకనేసుకుని బడికి మోస్తుంది. పదేళ్ళ పిల్ల! తోటిపిల్లలు చూస్తారని తల్లి భుజంలో ముఖం దాచుకుంటుంది. "పెద్దమ్మా, నేను ఒక్కదాన్నే నడిచి పోతనే. నువ్వు మా అమ్మకు చెప్పవా?" అని నన్ను ఎన్నిసార్లు బతిమాలిందో. ఏం చెప్పను? పో తల్లీ అని ఆ బండ్ల కిందికి తోలనా? ఆ పిల్ల ఒక్కతీ నడిచి బడికి పోవాలి. నాకు ఆ మీటింగులో కావలసింది అదొక్కటే. మిగతా వీధి ఏ గంగలో కలిసినా నాకు బాధ లేదు.

ఇంతకీ పిల్ల కాలు ఇట్లా అయిన సంగతి తండ్రి సాగర్‌కు తెలియదు.

నోరు వెళ్ళబెట్టకండి. మా దగ్గర ఇది కొత్త కాదు. గల్ఫ్‌లో ఉన్న మనిషిని అన్నీ అడుగుతాం, ఏమీ చెప్పం. బోరు వేయాలన్నా, పిల్లను హాస్టల్లో వేయాలన్నా, చివరికి ఇంటికి రంగు మార్చాలన్నా "ఆయన్ను అడిగి చెప్త" అంటుంది ప్రతి ఆడదీ. అదే ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, ఎవరైనా పోయినా, "ఆడ పరేషాన్ అయితడు, చెప్పకుండ్రి" అంటుంది. సాగర్ తండ్రి మొండయ్య తాటిచెట్టు మీదినుంచి పడి చనిపోయినప్పుడు మాత్రం చెప్పారు. సాగర్ అక్కడ తిండి మానేసి, అట్లాగే పనిలోకి పోయి, కళ్ళు తిరిగి నిచ్చెన మీదినుంచి పడ్డాడు. ప్రాణం దక్కడమే గొప్ప. అప్పటినుంచి శాంతకు ఫోన్ చూస్తేనే భయం. అక్షితకు దెబ్బ తగిలిన రోజు ఆసుపత్రి వరండాలో నా రెండు చేతులూ పట్టుకుంది. "కళక్కా, నీ కాల్మొక్త, ఆయనకు చెప్పకుండ్రి. ఆయనకు ఏమన్న అయితే నేను ఇద్దర్ని పోగొట్టుకుంట."

గల్లీ అంతా ఒట్టు పెట్టుకుంది. ఖతర్‌లో సాగర్‌తో పాటు అదే క్యాంపులో ఉండే పక్క గల్లీ మహేందర్‌తో కూడా ఒట్టు వేయించాం. శుక్రవారం సాగర్ వీడియో కాల్ చేస్తే పిల్లను గోడకు ఆనించి కూర్చోబెట్టి ముఖం చూపించేది శాంత. పిల్ల నవ్వేది, పద్యాలు చెప్పేది. వాకర్ తలుపు వెనక ఉండేది. సాగర్ ఈ పండుగకు వస్తా, ఆ పండుగకు వస్తా అంటూ నాలుగో ఏడులో పడ్డాడు. రాకపోతే బాగుండు దేవుడా అనుకునేంత గతి పట్టింది శాంతకు. మొగుడు రావద్దని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న ఆడదాన్ని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

సాగర్ గల్ఫ్ పోయేముందు ఇంటి ముందు, గేటు పక్కన, ఒక షట్టరు గది కట్టాడు. మా దగ్గర దాన్ని మల్గి అంటాం. ఆకుపచ్చ షట్టరు, దాని మీద పెద్ద అక్షరాలతో 'అక్షిత ఎలక్ట్రికల్స్'. తిరిగొచ్చాక అందులో దుకాణం పెట్టుకుని ఇంకెక్కడికీ పోకుండా ఉంటానన్నాడు. ఆ తాళం తీసింది లేదు. శాంత మాత్రం వారం వారం ఆ షట్టరును తడిగుడ్డతో తుడుస్తుంది.

సరే, శుక్రవారం వచ్చింది. వీధిలోనే శామియానా వేయించాను, రెండు మూలలా బండ్లు రాకుండా డ్రమ్ములు పెట్టించాను. ఆడవాళ్ళంతా వచ్చారు. చాటలు తెచ్చుకున్నారు, బీడీలు ఆగవు కదా. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను, ఒక్కో ఫోనులో ఒక్కో మొగుడు. బనీన్లతో బంకర్ మంచాల మీద కూర్చుని "హలో హలో, ఇనబడ్తలే" అని అరుస్తున్నారు. స్రవంతి మేడం బిత్తరపోయి నన్ను చూసింది. "వీళ్ళే మేడం ఇంటి యజమానులు. నమస్తే పెట్టుండ్రి" అన్నాను. ఆ పిల్ల నిజంగానే ఒక్కో ఫోనుకూ నమస్కారం పెట్టుకుంటూ పోయింది. మంచిపిల్ల. నాకు అప్పుడే నచ్చింది.

ఆమె తెచ్చిన మ్యాపు నేల మీద పరిస్తే ఎవరి ఇల్లు ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. బాలమ్మ తన ఇంటిని మోరీలో వేశారని కొట్లాటకు దిగింది. "కాగితం తియ్యుండ్రి మేడం, భూమి మీదనే గీసుకుందాం" అని శాంత ముగ్గు గిన్నె తెచ్చింది. ఇదేదో బాగుందని మేడం కూడా చెప్పులు విడిచి నిలబడింది. గోడల వైపు నుంచి ఎంత జాగా మనుషులకు వదలాలో మేడం టేపుతో చూపిస్తుంటే, ఆడవాళ్ళు ముగ్గుతో గీత పోస్తూ పోయారు. ఆ ముగ్గు గీత పోయి సాయవ్వ గద్దె మీదికి ఎక్కింది. "నా గద్దె ముడితే చేతులు ఇరుగగొడ్త" అని లేచింది ముసలిది. "అవ్వా, ఆ గద్దె మీద కూసుని నువ్వు అందరి ముచ్చట్లు చెప్పుడు తప్ప ఏం జేస్తున్నవే?" అన్నాను. అందరూ నవ్వారు. సాయవ్వ కొడుకు మస్కట్ నుంచి "తీసెయ్యుండ్రి, మల్ల ఒక కుర్చి కొనిస్త" అన్నాడు. అట్లా ఒక్కో గద్దె, ఒక్కో మెట్టు, నవ్వుకుంటూ తిట్టుకుంటూ ఒప్పుకుంటూ పోతున్నాం. నాకు కడుపు నిండిపోయింది. మమ్మల్ని ఒకరు అడగడం, మేం చెప్పడం!

ముగ్గు గీత శాంత ఇంటి ముందుకు వచ్చి ఆగిపోయింది. అది సీదా షట్టరు లోపలికి పోతోంది. టేపు పెట్టి చూస్తే మల్గి ముందు పిల్లర్లు రెండూ గీతకు ఇటువైపే ఉన్నాయి. పిల్లర్లు పోతే స్లాబు నిలవదు. మల్గి మొత్తం పోవాల్సిందే. "ఇక్కడ జర సన్నగ చేయరాదా మేడం?" అని అడిగాను. ఆమె టేపు చుట్టుకుంటూ చాలాసేపు ఆలోచించింది. "చేస్తే నడిచేవాళ్ళు సరిగ్గా ఇక్కడే రోడ్డు మీదికి దిగాల్సి వస్తుందమ్మా. బడి దాకా ఒక్క చోట తెగినా ఉపయోగం ఉండదు" అంది. అందులో తప్పేముంది? నిజమే చెప్పింది.

శాంత ఫోనును ఒక ప్లాస్టిక్ కుర్చీలో, గంపకు ఆనించి, వీధివైపు తిప్పి పెట్టింది. సాగర్ మనిషి బాగా చిక్కిపోయి ఉన్నాడు. గడ్డం పెరిగింది. గీత సంగతి చెప్పాను.

"అక్కా, మీకు దండం పెడ్త" అన్నాడు. "గద్దెలు తియ్యుండ్రి, మెట్లు తియ్యుండ్రి. నా మల్గి ముట్టకుండ్రి. నేనచ్చి ఏం జేసుకుని బతకాలె?"

"ఇంకో జాగల పెట్టుకోరాదుర దుకాణం? పోరగాండ్లు నడవొద్దా?"

"ఇంకో జాగ యాడిదక్కా నాకు? నాలుగేండ్ల సంది కండ్లు మూస్తే గా షట్టరే కనవడ్తది. నువ్వే జెప్పు, నా బిడ్డ గా తొవ్వల్నే గదా బడికి ఉరుకుతది. ఇప్పటిదాక దానికేమన్న అయిందా?"

ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు. బీడీలు చుట్టే చేతులు కూడా ఆగిపోయాయి. శాంత ముగ్గు గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎవరి మీదో మాత్రం చెప్పలేను. సాగర్‌ను తిట్టడానికి నోరు రావడం లేదు, చెప్పడానికి ఒట్టు అడ్డం.

ఏమీ తెలియనిది ఆ స్రవంతి మేడం ఒక్కతే. "సార్‌కు మాటలతో అర్థం కాకపోవచ్చు, నడిచి చూపిద్దాం" అంది ఉత్సాహంగా. ఎన్ని రకాలుగా నడిచేవాళ్ళు ఉంటే అన్ని రకాలవాళ్ళనూ గీత పక్కన నడిపించడం వాళ్ళ పద్ధతట. మొదట బాలమ్మను బీడీల గంపతో నడిపించింది. తర్వాత సాయవ్వను కర్రతో. ఫోన్లన్నీ అటే తిరిగి ఉన్నాయి. లోపల మొగుళ్ళు చప్పట్లు కొడుతున్నారు. "ఇప్పుడు వాకర్‌తో ఒకరు. పాపా, నువ్వు రామ్మా" అని మేడం అక్షితను పిలిచింది.

అక్షితను మేం దూరంగా, మా ఇంటి గడప మీద కూర్చోబెట్టాం. ఫోనుకు కనబడని చోట. శాంత తల అడ్డంగా ఊపింది. పిల్ల సిగ్గుపడుతోందనుకుని మేడం మళ్ళీ పిలిచింది. "రా తల్లీ, ఈ బాట నీలాంటివాళ్ళ కోసమే."

పిల్ల తల్లిని చూసింది, ఫోనును చూసింది. తర్వాత వాకర్ దగ్గరికి లాక్కుని లేచింది. ఎన్నాళ్ళని తలుపు వెనక దాస్తారు దాన్ని? దానికి నడవాలని ఉంది, నడవమని ఒకరు పిలిచారు, లేచింది.

నేను ఒక్క ఉరుకున పోయి శాంత ఫోనుకు అడ్డంగా నిలబడ్డాను. పక్కవాళ్ళు తమ ఫోన్లు చీరకొంగుల్లో దాచుకున్నారు. వీధిలో వాకర్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. టక్. అడుగు. టక్.

"గా సప్పుడేంది?" అన్నాడు సాగర్ నా వెనకనుంచి.

"ఏం లేదురా. ఎవలో ఇనుప సామాన్లోడు."

"అక్కా, జర పక్కకు జరుగు."

జరగలేదు. "కళక్కా, నీ కాళ్ళు మొక్త, జర జరుగు" అన్నాడు. ఆ గొంతు విని నిలబడలేకపోయాను. జరిగాను.

పిల్ల గీత పక్కన నిలబడి ఉంది. చెమటలు పట్టి, వాకర్ పట్టుకుని, ఎడమ కాలు సన్నగా వేలాడుతూ. సాగర్ గదిలో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు కూడా మాకు వినబడింది. శాంత నేల మీద కూలబడి ముఖం కప్పుకుంది. అప్పటికి మేడంకు అర్థమైంది. చేతిలో టేపు పట్టుకుని ఏడ్చేసింది.

"బిడ్డా" అన్నాడు సాగర్. "ఇటు నడువు. నా దిక్కు నడువు."

పిల్ల నడిచింది. కుర్చీ దగ్గరికి వచ్చేదాకా వాడు రెప్ప వేయలేదు. "నొప్పి లేస్తదా?" అని అడిగాడు. "లేదు బాపు. నేను మంచిగ నడుస్తున్న సూడు" అంది పిల్ల, నవ్వుతూ. తండ్రికి తన నడక చూపించానని ఎంత సంబరమో దానికి. వాడు గడ్డం మీద చేయి పెట్టుకుని అటు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగి "ముగ్గు యాడిదాక అచ్చింది?" అని అడిగాడు. చెప్పాను.

"కూలగొట్టుండ్రి" అన్నాడు. ఫోను ఆగిపోయింది.

కూలగొట్టారు. షట్టరును విప్పి జాగ్రత్తగా పక్కన పెట్టమని శాంత బతిమాలితే, పనివాళ్ళు దాన్ని ఇంటి వెనక గోడకు ఆనించి పెట్టారు. తర్వాత బండలు పరిచారు, అంచులు కట్టారు, మోరీ మీద మూతలు వేశారు. ట్రాక్టర్లు నెమ్మదించాలని మధ్య మధ్యలో రోడ్డును ఎత్తు చేశారు. ఆ రోజుల్లో సాగర్ ఫోన్ చేయలేదు. శాంత చేస్తే ఎత్తలేదు. కోపం వచ్చి ఉంటుంది, అదే పోతుంది అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?

ఫుట్‌పాత్ అయిపోయిన రోజు అక్షిత గేటు దాటి, మల్గి ఉన్న చోటు మీదుగా, బడి దాకా ఒక్కతే నడిచింది. గల్లీ అంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. సాయవ్వ అయితే గద్దె పోయిన దుఃఖం మరిచి పిల్లకు దిష్టి తీసింది. శాంత వెంట పోబోతే నేనే రెక్క పట్టుకుని ఆపాను. బడి గేటు దగ్గర పిల్ల వెనక్కి తిరిగి చేయి ఊపింది. నా జన్మకు అంత మంచి పని ఇంకోటి చేయలేదనుకున్నాను. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు.

మహేందర్ ఖతర్ నుంచి తిరిగొచ్చాడు. సామాను ఇంట్లో పెట్టి నేరుగా శాంత ఇంటికి వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. మంచినీళ్ళు ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"మా కంపెనీ మూతవడ్డదక్కా" అన్నాడు. "మస్తు రోజులాయె. జీతాలు లెవ్వు. ఆఖరికి మా అందరికి ఇంటికి టికెట్లు ఇచ్చిండ్రు. సాగర్‌కు సుత ఇచ్చిండ్రు."

"మరి ఆయనేడి?" అంది శాంత.

"బ్యాగు సదురుకుని పెట్టుకున్నడు వదినా. ఇంటికి పోంగనే దుకాణం తెరుస్త, ఎవ్వలికి చెప్పకుంట పోయి నిలవడ్త అన్నడు. గా శుక్రవారం పోరి కాలు సంగతంత నన్ను అడిగి తెలుసుకున్నడు, గప్పటి సంది మనిషి మారిండు. ఆడికి పోయి ఏం జేస్త, పోరికి ఇంకో ఆపరేషన్ చేయించాలె, ఉత్త చేతులతోటి ఎట్ల పోత అన్నడు. టికెట్ నా మంచం మీద వెట్టి ఎటో పోయిండు."

"ఎటు పోయిండురా?" అన్నాను. నాకు అప్పటికే తెలిసిపోయింది.

"ఖల్లివెల్లి అయిండక్కా."

ఆ మాటకు అర్థం మా గల్లీలో చంటిపిల్లకు కూడా తెలుసు. కంపెనీ విడిచి, కాగితాలు లేకుండా, పోలీసులకు కనబడకుండా ఎక్కడో పని చేసుకునే మనిషి. వాడు ఇంటికి రావాలంటే ముందు జైలుకు పోవాలి. లేదా అక్కడి సర్కారు ఎప్పుడో దయతలిచి వదిలేయాలి. అట్లా పోయినవాళ్ళు పిల్లల పెళ్ళిళ్ళు ఫోన్లో చూసుకున్నారు. సాగర్‌కు ఆ ఫోను కూడా లేదని మహేందర్ చెప్పాడు. పట్టుబడతానని సిమ్ తీసి పడేశాడట.

శాంత ఏడవలేదు. "గా దినం ఆయన ఎందుకు వద్దన్నడో ఇప్పుడు ఎరుకయింది" అని మాత్రం అంది. "మేము ఆయనకు చెప్పలె. ఆయన మాకు చెప్పలె." నేను మహేందర్ మీద విరుచుకుపడ్డాను. ఒక్క మాట ముందు చెప్తే నీ సొమ్మేం పోయిందిరా అని. "మీరు వెట్టిన్రు ఒక ఒట్టు, వాడు వెట్టిండు ఒక ఒట్టు. నేనేం జేయాలక్కా?" అన్నాడు వాడు. ఆ గ్లాసును అట్లాగే కింద పెట్టి వెళ్ళిపోయాడు. లోపలి గదిలో అక్షిత చదువుకుంటోందన్న సంగతి మాకు ఎవరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున చాట ముందేసుకుని గడపలో కూర్చున్నాను. ఎదురింటి గేటు చప్పుడైంది. అక్షిత బ్యాగు తగిలించుకుని బయటికి వచ్చింది. ఫుట్‌పాత్ మీద నాలుగడుగులు వేసి, మల్గి ఉండిన చోటు మొదలయ్యే దగ్గర ఆగింది. వాకర్‌ను ఎత్తి అంచు కిందికి దించింది. కాలు ఈడ్చుకుంటూ తానూ దిగింది. రోడ్డు మీద నడవడం మొదలుపెట్టింది. వెనకనుంచి ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

చాట విసిరేసి పరుగెత్తాను. "ఏందే గిది? గంత మంచిగ తొవ్వ ఏసినంక రోడ్డు మీదికి దిగుతవా? సత్తవే పోరీ!" అని రెక్క పట్టుకుని పైకి ఎక్కించబోయాను. పిల్ల బిగుసుకుపోయింది. కాలు ఆ బండల మీద ఆననివ్వలేదు.

"అది బాపు దుకాణం పెద్దమ్మా. నేను తొక్క."

"దుకాణం యాడుందే? ఉత్త బండలే గద."

"గా దినం నేను నడిస్తెనే గదా బాపు చూసిండు" అంది. ఏడుస్తూ కాదు, లెక్క అప్పజెప్పినట్టు. "నడువకుంట ఊకె కూసుంటే బాపు ఇంటికి అచ్చేటోడు."

అది కాదు తల్లీ అనాలి. ఏది కాదు? అదే కదా జరిగింది.

ఆటోవాడు మళ్ళీ హారన్ కొట్టాడు. వాడి ఏడు తరాలనూ తిట్టాను. పిల్లకు కుడివైపున, బండ్లు వచ్చే పక్కన నిలబడి, రెండు చేతులూ చాపి వాడిని ఆపాను. వాడి వెనక ఇసుక ట్రాక్టర్ కూడా ఆగింది. పిల్ల తన నడకన తాను, ఆ జాగా అంత పొడుగూ రోడ్డు మీదే నడిచింది. అది దాటాక నేను వాకర్ ఎత్తి పైన పెడితే ఫుట్‌పాత్ ఎక్కి, వెనక్కి చూడకుండా బడికి పోయింది.

సాయంత్రం బడి వదిలే వేళకు మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డాను. ఇప్పటికీ రెండు పూటలా నిలబడుతున్నాను.